టర్బో మార్చే ముందు పది నిమిషాలు ఆగండి!

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక ఓ లారీని ఓవర్‌టేక్ చేస్తున్నా. సగం దాటేసరికి కారు ఒక్కసారిగా నీరసపడిపోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం పెరగదు. మీటర్లో పసుపు రంగు ఇంజిన్ లైటు. వెనక సీట్లో అమ్మానాన్న, ఆ వెనక హారన్ కొడుతూ బస్సు. ఎలాగో ఎడమ పక్కకి తెచ్చి ఆపేసరికి చేతులు వణికాయి.

మర్నాడు ఓ గ్యారేజీలో స్కానర్ పెట్టారు. కోడ్ పీ0236. ‘టర్బో పోయిందన్నా, అరవై వేలైతది. బండి వదిలేసి పో’ అన్నాడు మెకానిక్. అది నా రెండు నెలల జీతం! ‘ఆలోచించుకుని వస్తా’ అని బయటపడ్డా.

ఇంటికొచ్చి చూస్తే తెలిసిందేంటంటే, ఆ కోడ్‌కి అర్థం టర్బో పోయిందని కాదు. ‘బూస్ట్ ప్రెషర్ సెన్సర్ చెప్పే లెక్క నమ్మేలా లేదు’ అని మాత్రమే. టర్బో ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపుతుంది. ఎంత ఒత్తిడితో వెళ్తోందో ఈ సెన్సర్ కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ లెక్క తేడాగా ఉంటే కంప్యూటర్ రిస్క్ తీసుకోదు, ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. హైవే మీద నాకు జరిగింది అదే.

దీనికి దగ్గరి చుట్టాలు ఇంకొన్ని ఉన్నాయి. పీ0237 అంటే సెన్సర్ సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువ, పీ0238 అంటే మరీ ఎక్కువ. ఈ రెండూ వస్తే ముందు వైరింగ్, కనెక్టర్ చూడాలి. పార్కింగ్‌లో ఎలుకలు వైర్లు కొరికేయడం మనకి కొత్తేం కాదుగా! పీ0299 అంటే బూస్ట్ చాలట్లేదని. గాలి పైపు చిట్లినా, ఇంటర్‌కూలర్ దగ్గర క్లాంపు వదులైనా ఇది వస్తుంది. పీ0234 అంటే బూస్ట్ మరీ ఎక్కువైందని. ఇది వస్తే బండిని తొక్కకండి, నెమ్మదిగా గ్యారేజీకి చేర్చండి.

ఇక అసలు పరీక్ష. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి, ఫోన్లో యాప్ ఒకటి ఉంటే చాలు. స్టీరింగ్ కింద ఉండే పోర్టులో డాంగిల్ గుచ్చండి. కీ ఆన్ చేయండి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయొద్దు. యాప్‌లో ‘మ్యాప్’ లేదా ‘ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెషర్’ అనే నంబర్ చూడండి. ఇంజిన్ తిరగట్లేదు కాబట్టి అది బయటి గాలి ఒత్తిడికి సమానంగా ఉండాలి. విశాఖలాంటి సముద్రతీరంలో 100 కిలోపాస్కల్స్ చుట్టూ, కాస్త ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 95 చుట్టూ.

నా కారు 118 చూపించింది. ఇంజిన్ ఆగి ఉంటే టర్బో గాలి ఒత్తేదెక్కడ? అంటే అబద్ధం ఆడుతోంది సెన్సరే!

డీజిల్ బండ్లలో ఈ సెన్సర్ మూతికి మసి, ఆయిల్ పట్టేస్తుంటాయి. నేను ఇంజిన్ ఆపి, సెన్సర్ విప్పి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి బిగించా. (పిన్నీసు పెట్టి గీకొద్దు, లోపల చాలా సున్నితం.) నంబర్ 117కి వచ్చింది, అంతే. కనెక్టర్, వైర్లు బాగానే ఉన్నాయి. ఇక సెన్సర్ మార్చక తప్పలేదు. ఖర్చు రెండున్నర వేలు. కీ ఆన్ చేస్తే 95! కోడ్ తుడిచేశా, మళ్లీ రాలేదు.

అదే మీ కారులో కీ ఆన్‌లో నంబర్ సరిగ్గానే ఉంటే? అప్పుడు పైపులు చూడండి. చేత్తో తడిమితే కొత్తగా ఆయిల్ తడి తగిలిన చోట లీకు ఉండే అవకాశం ఎక్కువ. ఇంజిన్ చల్లారాకే చేయి పెట్టండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒకరు నడుపుతుంటే పక్కనున్నవారు ఫోన్ చూడాలి. గట్టిగా తొక్కినప్పుడు చాలా డీజిల్ కార్లలో నంబర్ 200 దరిదాపులకి వెళ్తుంది. పైపులు, సెన్సర్, వైర్లు బాగుండి కూడా పెరగట్లేదంటే అప్పుడు టర్బోని అనుమానించండి.

వారంటీ ఉంటే ఇవేవీ విప్పకండి, సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. కోడ్ తుడిచేసి లైటు పోయిందని సంబరపడొద్దు, కారణం అలాగే ఉంటే అది మళ్లీ వస్తుంది. అదీ ఏ లారీ పక్కనో! పని కాగానే డాంగిల్ తీసేయండి, లేదంటే బ్యాటరీ తినేస్తుంది.

ఓ చిన్న పని ఇవాళే చేయండి. బండి బాగున్నప్పుడే కీ ఆన్ చేసి, ఆ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా ‘టర్బో పోయింది’ అంటే ఫోన్ తీసి అడగొచ్చు... ‘అన్నా, కీ ఆన్‌లో ఎంత చూపిస్తోంది?’