జీఆర్‌ఈ ఆప్షనల్... స్కోరు పంపాలా, ఆపుకోవాలా?

"అన్నా, జీఆర్‌ఈ ఆప్షనల్ అంటున్నారు కదా, ఇక రాయక్కర్లేదా?" అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే సీజన్ వచ్చిందంటే నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఇదే ప్రశ్న. మిగతా సగం ఇంకో రకం: "రాశానన్నా, 308 వచ్చింది. పంపితే నష్టమా?" ప్రశ్నలు రెండైనా వెనకున్న భయం ఒకటే. పంపకపోతే ఏదో దాస్తున్నాడనుకుంటారేమో, పంపితే ఇంతేనా అనుకుంటారేమో అని.

అసలు ఈ 'ఆప్షనల్' ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడండి. 2020లో కొవిడ్‌తో పరీక్ష కేంద్రాలు మూతపడ్డాయి. దాంతో అమెరికా యూనివర్సిటీలు డిగ్రీ ప్రవేశాలకు శాట్, యాక్ట్‌లను, పీజీకి జీఆర్‌ఈని చాలాచోట్ల పక్కన పెట్టాయి. జీఆర్‌ఈ మీద అసంతృప్తి అంతకుముందే ఉంది. పరిశోధనలో ఎవరు రాణిస్తారో ఆ స్కోరు చెప్పలేదంటూ బయాలజీ లాంటి విభాగాలు కొవిడ్‌కి ముందే దాన్ని తీసేయడం మొదలుపెట్టాయి. డిగ్రీ స్థాయిలో మాత్రం కొన్నిచోట్ల ఇప్పుడు గాలి మళ్లింది. 2022 మార్చిలో ఎంఐటీ శాట్, యాక్ట్‌లను మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ అదే దారి పట్టాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాత్రం డిగ్రీ ప్రవేశాలకు ఆ స్కోర్లు అసలు చూడనే చూడదు.

వీటిలో డార్ట్‌మత్ చెప్పిన కారణం మనకి బాగా పనికొస్తుంది. స్కోరు ఆప్షనల్‌గా ఉన్న రోజుల్లో పేద కుటుంబాల నుంచి, అంతగా వనరుల్లేని స్కూళ్ల నుంచి వచ్చిన కొందరు పిల్లలు తమ స్కోరు ఆ కాలేజీ సగటు కన్నా తక్కువగా ఉందని పంపకుండా ఆపుకొన్నారు. పంపి ఉంటే వాళ్లకి సీటొచ్చే అవకాశం పెరిగేదని అక్కడి పరిశోధకులు తేల్చారు. ఎందుకంటే కమిటీ ఆ అంకెను విడిగా చూడదు. ఈ విద్యార్థి ఎక్కడి నుంచి వచ్చి ఈ స్కోరు తెచ్చుకున్నాడనేది కూడా చూస్తుంది.

అది శాట్ సంగతి, మనది జీఆర్‌ఈ. అయినా లెక్క అదే. ఐఐటీ అంటే అమెరికాలో అడ్మిషన్ కమిటీకి తెలుసు. వరంగల్ ఎన్‌ఐటీ పేరు కూడా వినే ఉంటారు. మరి జిల్లా కేంద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, జేఎన్‌టీయూ అనుబంధంగా ఉన్న మీ కాలేజీ? అక్కడ 7.4 సీజీపీఏ అంటే ఎంత కష్టమో, 9.1 ఎంత తేలికో వాళ్లకి తెలిసే దారి లేదు. ఒక్కో అటానమస్ కాలేజీలో మార్కులు ఒక్కోలా పడతాయన్నది మనకే తలనొప్పి, వాళ్ల గురించి చెప్పేదేముంది! అలాంటి చోట అందరూ ఒకేలా రాసిన పరీక్షలో వచ్చిన అంకె మీ తరఫున మాట్లాడుతుంది. కాలేజీ పేరు లేనివాళ్లకి స్కోరు అవసరం ఎక్కువ. విచిత్రం ఏంటంటే, 'ఆప్షనలే కదా' అని ముందుగా వదిలేసేది కూడా వాళ్లే.

అందుకే 'నా స్కోరు ఎక్కువా తక్కువా' అని కాకుండా 'నా అప్లికేషన్‌లో ఉన్న ఏ సందేహానికి ఈ స్కోరు జవాబు చెబుతుంది' అని అడగండి. సీజీపీఏ 7.1, సెకండియర్‌లో రెండు బ్యాక్‌లాగ్‌లు, కానీ క్వాంట్‌లో 166 అనుకోండి. కళ్లు మూసుకుని పంపేయొచ్చు. సీజీపీఏ 9.2 ఉండి క్వాంట్‌లో 155 వస్తే నేనైతే పంపను. అప్పటిదాకా ఎవరికీ రాని అనుమానం ఆ 155 తెప్పిస్తుంది. సీజీపీఏ 9, క్వాంట్ 163 అయితే పంపినా పంపకపోయినా పెద్ద తేడా ఉండదు. దాని గురించి నిద్ర మానుకునే బదులు ఎస్‌ఓపీ ఇంకోసారి తిరగరాసుకోండి. ఇంజినీరింగ్ కోర్సులకు మొత్తం కన్నా క్వాంట్ ముఖ్యం కాబట్టి 308 అన్నప్పుడు అందులో క్వాంట్ ఎంతో చెప్పకుండా నన్ను సలహా అడిగితే ఏం చెప్పను? ఇంకో మాట, క్వాంట్‌లో పోటీ ఎంత గట్టిదంటే 170కి 170 వచ్చినా 99 పర్సంటైల్ రాదు. మెకానికల్ నుంచి డేటా సైన్స్‌కి మారాలనుకునేవాళ్లు 'క్వాంట్ స్కోరుంది కదా' అని ధీమాగా ఉండకండి. అందులో ఉండేది స్కూల్ స్థాయి లెక్కలే. లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ చదివినట్టు మీ మార్కుల జాబితాలో కనిపించాలి.

చాలామంది చేసే ఇంకో పొరపాటు, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సగటు స్కోరు 166 అని చూసి 163 ఉన్నవాళ్లు బెదిరిపోవడం. ఆప్షనల్ ఉన్నచోట ఆ సగటు ఎలా పుడుతుందో ఆలోచించండి. ఉదాహరణకి వంద మంది చేరితే, మంచి స్కోరున్న 40 మందే పంపారనుకుందాం. ఆ 166 ఆ నలభై మందిదే. మిగతా అరవై మంది అసలు లెక్కలోనే లేరు. అంటే స్కోరు ఆప్షనల్ అయిన కొద్దీ కనిపించే సగటు నిజం కన్నా పైకి పోతుంది. వీలైతే స్కోరు తప్పనిసరిగా ఉన్నప్పటి పాత అంకెలు వెతికి చూడండి.

వెబ్‌సైట్‌లో వాడిన మాటను కూడా కాస్త నిదానంగా చదవండి. 'ఆప్షనల్' అంటే పంపితే చూస్తారు. 'రికమెండెడ్' అని ఉంటే మాత్రం అది మర్యాదగా అడగడమే, బలమైన కారణం లేకుండా వదిలేయకండి. 'నాట్ కన్సిడర్డ్' అంటే 170 వచ్చినా ఎవరూ చూడరు, రిపోర్టు డబ్బులు దండగ. బిజినెస్ అనలిటిక్స్ లాంటి కోర్సుల్లో కనిపించే 'వేవర్' ఇంకోటి. మినహాయింపు కావాలని మీరే అడగాలి, ఉద్యోగ అనుభవమో సీజీపీఏనో కారణంగా చూపాలి. ఇవన్నీ ఒకే యూనివర్సిటీలో విభాగానికో తీరుగా ఉండొచ్చు. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ గొడవ వేరే, జీఆర్‌ఈ అక్కర్లేదంటే అవీ అక్కర్లేదని కాదు.

నాకు చిరాకు తెప్పించే సంగతి ఒకటుంది. కొన్ని కన్సల్టెన్సీలు 'నో జీఆర్‌ఈ' అని పెద్ద బోర్డు పెట్టి, మీరు కూర్చోగానే ఒక లిస్టు చేతిలో పెడతాయి. తమకు కమీషన్ ఇచ్చే కాలేజీలతో నింపిన లిస్టులూ అందులో ఉంటాయి. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ముప్ఫై నలభై లక్షలు అప్పు చేసేటప్పుడు, ఇరవై వేల పైచిలుకు పరీక్ష ఫీజు తప్పించుకోవడం కోసం కాలేజీని ఎంచుకోవడమేంటి? ముందు కోర్సు, ఖర్చు, అక్కడి నుంచి బయటికొచ్చినవాళ్లకి దొరుకుతున్న ఉద్యోగాలు చూసి లిస్టు రాసుకోండి. స్కోరు సంగతి ఆ తర్వాత, ఒక్కో అప్లికేషన్‌కి విడివిడిగా తేల్చుకోవచ్చు. ఒకచోటికి పంపి ఇంకోచోటికి మానేయడం తప్పేమీ కాదు.

వీసా ఇంటర్వ్యూలో జీఆర్‌ఈ అడుగుతారేమోనని ఇంట్లోవాళ్లు కంగారు పడుతుంటారు. అమెరికా విదేశాంగ శాఖ సిద్ధంగా ఉంచుకోమనేది మీ యూనివర్సిటీ తప్పనిసరిగా కోరిన పరీక్షల స్కోర్లను. అది కోరకపోతే అదే మాట నిజాయతీగా చెప్పండి.

ఇక రాయాలా వద్దా అంటే, మీ లిస్టులో సగం చోట్ల స్కోరు చూసేవాళ్లుంటే రాయమనే అంటాను. నేను రాసినప్పుడు 3 గంటల 45 నిమిషాలు కూర్చోబెట్టారు. 2023 సెప్టెంబరు నుంచి అది రెండు గంటల లోపే అయిపోతోంది. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. పరీక్ష రోజు తెర మీద మార్కులు చూసుకున్నాకే నాలుగు యూనివర్సిటీలకి ఉచితంగా పంపాలో వద్దో మీరు నిర్ణయించుకోవచ్చు. అయితే అప్లికేషన్ ఫారంలో స్కోరు మీరే నింపేస్తే అది పంపినట్టే లెక్క, ఖాళీ కనిపించిందని నింపేయకండి. డిసెంబరు 15 గడువున్న యూనివర్సిటీకి నవంబరు మొదటి వారంలో రాసేయండి. సరిగా రాకపోతే 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఆ స్కోరు రావడానికి ఇంకో పది రోజులు వేసుకున్నా సమయం మిగులుతుంది.