ఎడమకాలికి పని కావాలట!

దోహా నుంచి దక్షిణంగా గంటసేపు పోతే మెసయీద్ దాటి సీలైన్ వస్తుంది. తారురోడ్డు అక్కడితో సరి. ఆపైన సౌదీ సరిహద్దు పక్కనున్న ఖోర్ అల్ అదైద్ దాకా ఇసుక తిన్నెలే. చలికాలంలో శుక్రవారం వచ్చిందంటే బళ్లన్నీ అక్కడే. టైర్లలో గాలి 35 నుంచి 15 పీఎస్ఐకి దించుకుని తిన్నెల మీదికి ఎగబడతాయి. వాటిలో కుర్రాళ్లు కళ్లప్పగించి చూసేది కొత్త మోడళ్లను కాదు, నిస్సాన్ ప్యాట్రోల్ వై61 అనే పాత పెట్టె ఆకారపు బండిని. 4.8 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను. గల్ఫ్‌లో సఫారీ అంటారు. అది అమ్మకానికొస్తే కొనేవాడు ముందుగా అడిగే వాటిలో ఒకటి: గేరు ఆదీనా, ఆటోమేటిక్కా? మనం మాన్యువల్ అనేదాన్ని అక్కడ ఆదీ అంటారు.

ఆ ఆదీ గేరు ఇప్పుడు దొరకడం కష్టమైంది. 2010లో వచ్చిన తర్వాతి తరం ప్యాట్రోల్‌కి ఏడు గేర్లు, 2021 నాటి ల్యాండ్ క్రూయిజర్ 300కి పది దాకా. రెంటిలోనూ ఆటోమేటిక్ తప్ప మరో మాట లేదు. క్లచ్ వదలనని మొండికేసిన ల్యాండ్ క్రూయిజర్ 70కి కూడా 2023 మార్పుల్లో ఆటోమేటిక్ చేరింది. అందుకే చేతిలో ఉన్న ఆటోమేటిక్ బండిని సనయ్యకు, అదే ఇండస్ట్రియల్ ఏరియాకు, తోలుకెళ్లి మాన్యువల్ చేయించుకునేవాళ్లు తయారయ్యారు. ఈ కోరిక మనవాళ్లకూ అంటుకుంది. హైదరాబాద్‌లో మారుతీ 800 మీద చెయ్యి తిప్పుకుని, దోహాలో ఉద్యోగం కుదిరాక సెకండ్‌హ్యాండ్ ప్యాట్రోల్ కొన్న కుర్రాళ్లు. "క్లచ్ లేకపోతే బండి నడిపినట్టే లేదన్నా" అంటారు.

వద్దు తమ్ముడూ అనేది నా మాట. ఎందుకో చెబుతాను.

ఒక గేరుబాక్సు దించి ఇంకోటి ఎక్కించడం ఇందులో తేలిక పని. ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దాన్ని పట్టుకునే పల్చటి ఫ్లెక్స్‌ప్లేటు తీసేసి బరువైన ఫ్లైవీల్ వెయ్యాలి. క్రాంక్‌షాఫ్ట్ చివర పైలట్ బేరింగ్ కొట్టాలి. తర్వాత క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. పెడళ్ల సెట్టు మార్చి మూడోదానికి చోటు చెయ్యాలి. క్లచ్ మాస్టర్ సిలిండర్ బిగించి, కింద స్లేవ్ సిలిండర్ దాకా పైపు లాగాలి. రెండు గేరుబాక్సుల పొడవు ఒకటి కాకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి, అతికి, బ్యాలెన్స్ చేయించాలి. అది సరిగా కుదరకపోతే సల్వా రోడ్డు మీద స్పీడు అందుకోగానే బండి మొత్తం వణుకుతుంది.

ఇదంతా స్పానరుతో అయ్యే పని. అసలు తలనొప్పి వైర్లది. ఆటోమేటిక్ బండి పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టవుతుంది. ఆ సంగతి చెప్పే స్విచ్చు పాత గేరుబాక్సుతోనే పోతుంది కదా, కొందరు మెకానిక్కులు రెండు వైర్లు కలిపేసి చేతులు దులుపుకుంటారు. రేపు ఎవరో గేరులో ఉన్న బండికి తాళం తిప్పితే అది ఎదుటి గోడ మీదికి దూకుతుంది. క్లచ్ పెడల్‌కి ఒక స్విచ్చు పెడితే ఆ గొడవ ఉండదు. అది పెట్టనన్నవాడికి బండి అప్పగించకండి. ఇంకోపక్క ఇంజను కంప్యూటరు లేని ఆటోమేటిక్ కోసం వెతుకుతూ ఉంటుంది. జవాబు రాకపోతే చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది, కొన్ని బళ్లలో ఇంజను శక్తినే తగ్గించేస్తుంది. కంప్యూటరు మార్చాలి, లేదా తిరిగి ప్రోగ్రాం చేయించాలి. అది చేతనైనవాళ్లు తక్కువ, తీసుకునేది ఎక్కువ.

సరే, అన్నీ అయ్యాయనుకుందాం. ఇసుకలో లాభమా? మెత్తటి ఇసుకలో ఆగిన బండి కదలాలంటే టార్క్ కన్వర్టరే మేలు. చక్రం మెల్లగా తిరిగేటప్పుడు ఇంజను బలాన్ని సుమారు రెట్టింపు చేసి, కుదుపు లేకుండా అందిస్తుంది. క్లచ్ గబుక్కున వదిలితే చక్రం గొయ్యి తవ్వుకుంటుంది, నాన్చితే ప్లేటు మాడి వాసనొస్తుంది. తిన్నె ఎక్కుతూ గేరు మార్చబోతే ఆ అరక్షణంలోనే ఇసుక బండిని పట్టేస్తుంది. అయినా తిన్నెలు ఎరిగిన ఖతరీ కుర్రాడు మాన్యువలే అడుగుతాడంటే అదీ ఉత్తి పిచ్చి కాదు. తాను వేసిన గేరు తాను తీసేదాకా కదలదు, శిఖరం దగ్గర బండి సొంత నిర్ణయాలు తీసుకోదు. పైగా 2011-2023 మధ్య డకార్ ర్యాలీని ఐదుసార్లు గెలిచిన నాసర్ అల్ అతియా వాళ్ల దేశం మనిషి. ఆ మాత్రం గీర ఉండదూ! (ఆయన ర్యాలీ బండిలో ఉండేది సీక్వెన్షియల్ గేరు, లివరు ముందుకో వెనక్కో లాగడమే. ఆ మాట వాళ్ల ముందు అనకండి.) ఎండకు ఆటోమేటిక్ నూనె వేడెక్కుతుందన్న వాదన మాత్రం నిలవదు. పెద్ద ఆయిల్ కూలర్ పెట్టించుకుంటే తీరే బాధకు గేరుబాక్సు పీకడం దేనికి?

ఆ ఖతరీ కుర్రాడిది సొంత ఊరు. మనవాడికి వీసా ఉన్నన్నాళ్లే కారు. వెళ్లేరోజు వస్తే దొరికిన ధరకు అమ్మాలి. పిల్లల్ని స్కూల్లో దించడానికి బండి వెతికే కుటుంబం గేరు మార్చిన ప్యాట్రోల్ వైపు చూడదు. ఇస్తిమారా, అంటే రిజిస్ట్రేషన్, రెన్యువల్‌కి పాత బండి ఫహెస్ అనే తనిఖీ దాటాలి. ట్రాఫిక్ శాఖ అనుమతి లేకుండా ఇంత మార్పు చేసి, ఆనక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఏం చెబుతారు? కోరి కొరివితో తల గోక్కోవడం.

అదే దోహాలో జగిత్యాల నుంచో రాయచోటి నుంచో వచ్చి నీళ్ల ట్యాంకరు నడిపేవాళ్లున్నారు. పొద్దస్తమానం సనయ్య ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి, రాత్రి క్యాంపులో మోకాలికి జండూబామ్ రాసుకుంటారు. ఏ విల్లాలోనో హౌస్ డ్రైవర్ పని దొరికి, ఆటోమేటిక్ ల్యాండ్ క్రూయిజర్ చేతికొస్తే ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంటారు. క్లచ్‌లో మజా ఉందన్న మాట వాళ్లతో అని చూడండి.

మనసు ఆగకపోతే కంపెనీయే ఆదీ గేరుతో అమ్మిన సఫారీ వెతుక్కోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. కాదు, ఉన్నదాన్నే మారుస్తానంటే ముందు స్క్రాప్ యార్డులో అదే మోడల్, అదే ఇంజను ఉన్న ఆదీ గేరు బండిని మొత్తంగా కొనండి. పెడళ్లు, షాఫ్టు, వైరింగు, కంప్యూటరు అన్నీ దానిలోవే రావాలి. అలాంటిది దొరికేదాకా మీ బండికి ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.

— బాటసారి