వేలిముద్ర ఎక్కడ దొరికింది?

మా భద్రాచలం అడవి అంచున, చర్ల, దుమ్ముగూడెం పల్లెలలో, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి తమ ఖాతాలోని డబ్బు తీసుకొనేవారున్నారు. తరగతిలో "వేలిముద్రగాడివి" అని పిల్లలను మందలించిన వాణ్ణి నేను. ఇప్పుడు సంతకం వచ్చిన నేనూ ప్రతిచోటా వేలే ఆనిస్తున్నాను!

ఆ ముద్ర దొంగకు చిక్కదా? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒకడు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజులు దింపుకొని, వాటిమీది ముద్రలకు అచ్చులు పోసి, వేల సిమ్ కార్డులు పని చేయించాడని పోలీసులు వెల్లడించారు.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలో 2022లో దేశమంతటా సైబర్ నేరాలు 65,893. అందులో తెలంగాణవి 15,297, రాష్ట్రాలలో ప్రథమస్థానం. (ఇక్కడ కేసులు ఎక్కువగా నమోదవుతున్నాయనడానికీ అది గుర్తు కావచ్చు.) ఏ సెక్షను, ఏ ఉద్దేశం అన్న పట్టికలున్నాయి. బాధితుని వివరం నేరస్థునికి ఎక్కడ దొరికిందన్న గడి మాత్రం లేదు. నాకు కావలసినది ఆ ఒక్క గడి. అది లేనంతకాలం ధర్మారం వంటి కేసు మోసాల వరుసలో ఒక అంకెగా మిగులుతుంది. దస్తావేజులను బయట ఆరబెట్టినవారి ప్రస్తావన అందులో ఉండదు.