కాపురం కుదిరేవరకు తలదాచుకునే చోటేది?

గల్ఫ్ దేశానికి భార్యాబిడ్డలను తీసుకువెళ్లిన ప్రతి ఉద్యోగినీ అదృష్టవంతుల జాబితాలో చేర్చి, ఇక అతనికి లోటేముందని తీర్మానించడం మన సమాజానికి అలవాటైపోయింది. ప్రభుత్వాల ధోరణి కూడా ఇందుకు భిన్నంగా లేదు. వారి దృష్టిలో వలస వెళ్లినవాడు విమానం ఎక్కేవరకు ఒక దరఖాస్తు, శవపేటికలో తిరిగివస్తే ఒక ఫైలు. ఈ రెండింటి నడుమ అతని కుటుంబం ఏ కప్పు కింద ఉన్నదన్న ప్రశ్నకు ఏ కార్యాలయపు రిజిస్టరులోనూ గడి లేదు. ఆ ప్రశ్ననే మేము ఇక్కడ బహిరంగంగా అడుగుతున్నాము.

దుబాయినే ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతోపాటు యజమాని ఇచ్చే వసతి ఉన్న ఉద్యోగి తన కుటుంబాన్ని పిలిపించుకోవచ్చునని నిబంధన చెబుతున్నది. చెవికి ఇంపుగానే ఉంది. కాని కుటుంబ వీసాకు నమోదైన అద్దె ఒప్పందం చూపాలి. అక్కడ దానిని ‘ఎజారీ’ అంటారు. మన పాత దస్తావేజులలోని ‘ఇజారా’కు అది దగ్గరి చుట్టమే. ఆ ఒప్పందం కుదరాలంటే సంవత్సరపు అద్దెకు రాబోయే తేదీలు వేసిన చెక్కులు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. చెక్కు పుస్తకానికి బ్యాంకు ఖాతా, ఖాతాకు ఎమిరేట్స్ గుర్తింపు కార్డు ఉండాలి. ఇవన్నీ సమకూరేలోగా సందర్శక వీసా మీద దిగిన ఇల్లాలు, పిల్లలు ఎక్కడ ఉండాలి?

లెక్క కూడా చూద్దాం. ఏడాదికి 48,000 దిర్హాములకు ఒక చిన్న ఇల్లు దొరికిందనుకుందాం. నాలుగు చెక్కుల పద్ధతిలో మొదటి చెక్కు 12,000. వాడుక ప్రకారం అయిదు శాతం ధరావతు 2,400, దళారికి మరో అయిదు శాతం 2,400, కరెంటు, నీటి కనెక్షనుకు ధరావతు 2,000. గడప దాటకముందే 18,800 దిర్హాములు చేతిలో ఉండాలి. 5,000 దిర్హాముల జీతగాడికి అది దాదాపు నాలుగు నెలల సంపాదన. నెల జీతంతో అర్హత నిర్ణయించి, నాలుగు నెలల జీతంతో తాళం వేసే ఏర్పాటు ఇది.

అందుకే కుటుంబాలు ఇంకొకరి ఇంటిలో ఒక గదికో, చెక్క పలకలు అడ్డుపెట్టి చేసిన ‘పార్టిషన్’కో చేరుతున్నాయి. దుబాయిలో 2007 నాటి 26వ నంబరు చట్టం ప్రకారం, యజమాని వ్రాతపూర్వక సమ్మతి లేకుండా అద్దెదారు మరొకరికి అద్దెకివ్వడం చెల్లదు. అలా చేస్తే ఇద్దరినీ ఖాళీ చేయించవచ్చు. నష్టపోయినవాడు తనకు గది ఇచ్చినవానినుంచి పరిహారం కోరవచ్చునని అదే చట్టం అంటున్నది. సందర్శక వీసా మీద, పసిబిడ్డతో, రశీదు కూడా లేకుండా ఉన్నవాడు ఏ ధైర్యంతో కోరతాడు? 2025 జూన్‌లో అక్కడి మునిసిపాలిటీ అనధికార పార్టిషన్లపై తనిఖీలు ముమ్మరం చేసింది. అగ్నిప్రమాదాల భయం నిజమైనదే; ఆ చర్యను మేము తప్పుపట్టడం లేదు. అయితే పలకలు పీకినంత మాత్రాన అద్దెలు తగ్గవు, వీధిన పడిన సామానుకు చోటు దొరకదు.

‘అంత కష్టమైతే కుటుంబాన్ని తీసుకువెళ్లడమెందుకు? డబ్బు పంపితే చాలదా?’ అని మన పెద్దమనుషులే అడుగుతుంటారు. భార్యాభర్తలు ఒక కప్పు కింద ఉండడం, బిడ్డలు తండ్రి ముఖం చూస్తూ పెరగడం విలాసమని ఎవరు నిర్ణయించారు? ఏళ్ల తరబడి ఫోనులోనే తండ్రిని ఎరిగిన పిల్లలు మన బస్తీలలో ఎంతమంది లేరు? ఆ ప్రశ్న అడిగేవారు ముందుగా ఆ ఇళ్లకు వెళ్లి రావాలని మా మనవి.

స్వదేశంలో మాత్రం మనకు ఇల్లు సులభమా? పేరు విని ‘ఖాళీ లేదు’ అనే యజమానుల సంగతి మన పాఠకులకు కొత్తకాదు. ముస్లింలకు అద్దె ఇళ్లు దొరకడం కష్టమన్న ఆవేదనను 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా నమోదు చేసింది. ఇక్కడ పేరు అడ్డయింది, అక్కడ కాగితం అడ్డయింది. రెండుచోట్లా మూటాముల్లె మోసింది ఆ ఇల్లాలే. అటువంటి తరుణంలో, తాము అద్దెకు తీసుకున్న ఇంటిని ముక్కలు చేసి, కొత్తగా వచ్చిన సొంత ఊరివాని వద్దనే రెట్టింపు గుంజే మన సోదరులను ఏమనాలి? ఇంటి యజమాని చేసినప్పుడు అన్యాయమైనది, మనవాడు చేస్తే వ్యాపారం కాబోదు.

ఇది అసాధ్యమైన సమస్య ఏమీ కాదు. పూర్వపు హైదరాబాదు సంస్థానం నుంచి వచ్చే హజ్ యాత్రికులకోసం మక్కాలో ‘రుబాత్’లు వెలిశాయి. ఆ ప్రాంతపు యాత్రికులు ఎందరో అక్కడ ఉచితంగా బస పొందారు. యాత్రికుని నలభై రోజుల గురించి ఆలోచించగలిగిన జాతి, పొట్టకూటికి వెళ్లిన కుటుంబపు మొదటి నలభై రోజుల గురించి ఎందుకు ఆలోచించరాదు? జకాత్‌కు అర్హులైన ఎనిమిది తరగతులలో ‘ఇబ్నుస్సబీల్’, అంటే దారిలో చిక్కుకున్న బాటసారి, ఒకడన్న సంగతి మనం మరచిపోరాదు.

కనుక మా డిమాండ్లు స్పష్టమైనవి. కుటుంబంతో వెళ్లే ఉద్యోగికి మొదటి రెండు నెలల బస, లేదా ఇంటి ధరావతుకు సరిపడా ముందస్తు జీతం ఇవ్వాలన్న షరతు ఉద్యోగ ఒప్పందంలోనే ఉండాలి. ఉభయ తెలుగు రాష్ట్రాల విదేశీ ఉద్యోగ సంస్థలు ఈ షరతు లేనిదే ఎవరినీ పంపరాదు. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో అద్దె చట్టం, చెక్కుల బాధ్యత తెలుగులోను, ఉర్దూలోను బోధించాలి. భారత ప్రభుత్వం 2009లో నెలకొల్పిన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి ఆపదలో పడినవారికి బస కల్పిస్తున్నది. ఆపదలో పడకుండా ఆపడానికి కూడా దానిని వినియోగించాలి. ఇక ప్రవాసంలో స్థిరపడిన మన సంఘాలు వార్షికోత్సవపు వేదిక ఖర్చులో కొంత తగ్గించుకుని, చట్టబద్ధంగా నమోదైన ఒక్క ఇల్లయినా కొత్త కుటుంబాలకోసం నడపాలి.

పంపిన సొమ్మును లెక్కించుకునే ప్రభుత్వం, విరాళాలను లెక్కించుకునే సంఘం, ఆ సొమ్ము పంపినవాని పిల్లలు ఈ రాత్రి ఎక్కడ పడుకున్నారో కూడా లెక్క చెప్పాలి. చెప్పేవరకు మేము అడుగుతూనే ఉంటాము.