అత్తగారు చేస్తే నవ్వు, పనమ్మాయి చేస్తే ఏడుపు

కొరియన్ సీరియల్స్ చూసే మన ఆడవాళ్ళలో "హై కిక్" పేరెత్తితే చాలు, వెంటనే ఒక తీర్పు వచ్చేస్తుంది. మొదటి సీజన్ బంగారం, రెండోది ఏడిపించి చెడగొట్టారు అని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎవరూ ఎదురు చెప్పరు కాబట్టి అదే నిజమని స్థిరపడిపోయింది. నేను ఒప్పుకోను. రెండోదే గొప్పది. అంతేకాదు, మొదటిదాన్ని మనం అంత హాయిగా, కడుపుబ్బా నవ్వుకుంటూ ఎలా చూడగలిగామో నాకు అర్థమైంది రెండోది చూశాకే.

చూడనివాళ్ళ కోసం కాస్త వివరం. మొదటిది "అన్‌స్టాపబుల్ హై కిక్". 2006 నవంబరు నుంచి 2007 జూలై దాకా ఎంబీసీ చానల్లో 167 ఎపిసోడ్లు వచ్చింది. రెండోది "హై కిక్ త్రూ ది రూఫ్", 2009 సెప్టెంబరులో మొదలై 2010 మార్చి 19న అయిపోయింది, 126 ఎపిసోడ్లు. మన డైలీ సీరియల్ లాగానే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి. దర్శకుడు ఒకరే, కిమ్ బ్యోంగ్-వుక్. తాతగారి వేషం కూడా రెండింట్లోనూ ఒకరిదే, లీ సున్-జే. పాపం, ఆయన 2025 నవంబరులో పోయారు. కానీ మొదటిదాని కథ రెండోదాంట్లో కొనసాగదు. ఇల్లు వేరు, కుటుంబం వేరు. చాలా పాత్రలకు నటుల పేర్లే పెట్టేశారు కాబట్టి నేనూ ఆ పేర్లతోనే రాస్తున్నాను.

మొదటి ఇంట్లో తాతగారు సున్‌జేకి ఒక వైద్యశాల ఉంది. మన ఆయుర్వేదం లాగా వాళ్ళ సంప్రదాయ వైద్యం. కోడలు హేమి కూడా అదే వైద్యురాలు. రోగులంతా ఆవిడ దగ్గరికే పోతారు, మామగారు ఈగలు తోలుకుంటూ ఉంటారు. పెద్దకొడుకు జున్‌హాకి ఉద్యోగం లేదు, ఇంట్లో కూర్చుని తింటుంటాడు. చిన్నకొడుకు మిన్‌యోంగ్ బళ్ళో వ్యాయామం మాస్టారు, భార్యతో విడాకులయ్యాయి. వాళ్ళ పసిబిడ్డ ఈ ఇంట్లోనే పెరుగుతాడు. ఎదిగిన మనవలు ఇద్దరు. ఇంతమందికి వండేదీ, గిన్నెలు కడిగేదీ, పసివాడిని వీపున కట్టుకు తిరిగేదీ నానమ్మ మున్‌హీ.

హేమి మనందరికీ నచ్చుతుంది. ఎందుకు నచ్చదు? సంపాదిస్తుంది, తలెత్తి మాట్లాడుతుంది, అత్తమామలకి అణిగిమణిగి ఉండదు. "ఓకే!" అని ఆవిడ రాగం తీస్తుంటే మన తరఫున ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కోడళ్ళుగా బతికినవాళ్ళం, ఏ సీరియల్ చూసినా అత్తగారి గర్జన, కోడలి కన్నీళ్ళు చూసి విసిగినవాళ్ళం. తిరగేసి చూపిస్తే చప్పట్లు కొట్టకుండా ఎలా ఉంటాం?

చిలగడదుంప సీను గుర్తు చేసుకోండి. లోపల గుమ్మడిలా పసుపుపచ్చగా ఉండే దుంపని వాళ్ళు "హోబాక్ గోగుమా" అంటారు. మున్‌హీకి నోరు తిరగదు. మాటని అటూఇటూ చేసి ఏదో అంటుంది. అన్నప్పుడల్లా హేమి ఎంతో మర్యాదగా, చల్లగా, "అలా కాదు అత్తయ్యా" అని సరిదిద్దుతుంది. ఆఖరికి ఆ పెద్దావిడ ఓపిక తెగి "హోబాక్ గోగుమా!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. కొరియాలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే సీను అది. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నా మున్‌హీ గొప్ప నటి కాదని ఎవరంటారు? అన్నట్టు ఆవిడ ఇంటిపేరు "నా", పేరు మున్‌హీ. తెలుగులో రాస్తే "నా మున్‌హీ" అవుతుంది. నాకైతే భలే నచ్చింది.

కానీ ఆ అరుపు దుంప పేరు గురించా? ముప్ఫై, నలభై ఏళ్ళు ఒక ఇంటికి వండిపెట్టిన మనిషికి, ఆ వండిన దుంప పేరు కూడా నీకు రాదని చదువుకున్న కోడలు నలుగురిలో చెప్తోంది. కోడలి గెలుపు మొత్తం ఆ పెద్దావిడ వీపు మీద కట్టిన పసివాడి మీద, ఆవిడ చేతిలో గరిటె మీద నిలబడి ఉంది. మొదటి సీజన్ ఆ సంగతి చూపిస్తుంది, కాదనను. కానీ చూపించి నవ్వించి పంపించేస్తుంది. "ఈ పని ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు" అని 167 రోజులు ఒక్కసారైనా మనం ఆగి అడగాల్సిన అవసరం రాదు. అత్తగారు కదా, ఆవిడ ఇల్లే కదా, చేస్తుంది.

ఇప్పుడు రెండో ఇంటికి రండి. ఇక్కడ సున్‌జేకి భార్య లేదు, పోయింది. ఆయనకి చిన్న ఆహారపదార్థాల కంపెనీ ఉంది. కూతురు బళ్ళో వ్యాయామం టీచరు. అల్లుడు బోసొక్ మామగారి కంపెనీలోనే పనిచేస్తూ రోజూ ఆయన చేత తిట్లు తింటుంటాడు. కొడుకు జిహూన్ డాక్టరు. మనవడు జున్‌హ్యోక్, మనవరాలు హేరి. లెక్క చూడండి. మొదటి ఇంటిలాగే అందరూ ఉన్నారు, ఒక్క మున్‌హీ లేదు. వంటిల్లు ఖాళీ.

ఆ ఖాళీలోకి వస్తుంది సెక్యోంగ్. కొండల్లో తండ్రి దగ్గర పెరిగిన పిల్ల, చదువు మధ్యలో ఆగిపోయింది. అప్పులవాళ్ళు మీదపడేసరికి తండ్రి ఒకవైపు, చెల్లెలు షినేని పట్టుకుని ఈమె ఒకవైపు. సియోల్లో తలదాచుకునే చోటు లేక తిరిగి తిరిగి చివరికి ఈ ఇంట్లో ఉండి పనిచేసే పనమ్మాయిగా చేరుతుంది. అక్కచెల్లెళ్ళు పడుకునేది బట్టలు పెట్టుకునే గదిలో.

ఆమె చేసే పని మున్‌హీ చేసిన పనే. అదే వంట, అవే గిన్నెలు, అదే ఇల్లు తుడవడం. చిత్రంగా ఇప్పుడు మనకి గొంతులో ఏదో అడ్డుపడుతుంది. "అయ్యో, ఎంత చాకిరీ చేస్తోందో పిల్ల" అంటాం. అందుకే రెండోది ఏడిపించిందని ఫిర్యాదు. ఏడిపించింది ఆ పనేనా? ఆ పని మొదటి సీజన్‌లోనూ అంతే ఉంది కదా. అరవై దాటిన ఆవిడ చేస్తే నవ్వొచ్చింది, ఇరవై దాటీదాటని పిల్ల చేస్తే ఏడుపొచ్చింది. జీతం పుచ్చుకుని చేసేసరికి అది పని అని మనకి కనిపించింది, అంతే తేడా. అత్తగారిది పని కాదు మరి, ప్రేమ!

మనవడిని చూసుకోడానికి డాలస్‌కో, న్యూజెర్సీకో ఆరునెలల వీసా మీద వెళ్ళి వచ్చే అమ్మలు, అత్తలు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? "హాయిగా అమెరికా తిరిగొచ్చారు" అంటాం వాళ్ళని.

హేరి సంగతి కూడా చెప్పాలి. ఏ బొమ్మ ముట్టుకున్నా "నాది" అనే పిల్ల. కాల్చిన పక్కటెముకల మాంసం అంటే ప్రాణం, షినేకి ఒక్క ముక్క పెట్టదు. మాటకి ముందు "ప్పాంగ్కు త్తోంగ్కు" అని ఒక అర్థంలేని తిట్టు. పిల్లలు చెడిపోతున్నారని అక్కడి ప్రసారాల పర్యవేక్షణ సంఘం 2009 డిసెంబరులో ఆ తిట్టు తగ్గించుకోమని హెచ్చరించింది కూడా. నాకు నవ్వొచ్చేది అదే. పనిపిల్ల చెల్లెలికి తిండి పెట్టకపోవడం మీద కాదు, ఒక పిచ్చి మాట మీద కంగారు పడ్డారు. ఎంత పొందికగా ఉంది! అయితే ఈ ఇంట్లో మంచితనం నటించేవాళ్ళు తక్కువ, అది నాకు నచ్చింది. "మా పనమ్మాయిని ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అని చెప్పుకునే ఇళ్ళ కంటే హేరి నయం, ఏది ఎవరిదో కనీసం నోరు తెరిచి చెప్తుంది. బోసొక్ అయితే మామగారి దగ్గర పడ్డ తిట్లన్నీ తెచ్చి సెక్యోంగ్ మీద తీర్చుకుంటాడు. పై మెట్టు మీదవాడు తన్నితే కింది మెట్టు మీదవాళ్ళని తన్నడం. దీన్ని కూడా నవ్వుగానే తీశారు, కానీ నవ్వాక నోరు చేదుగా ఉంటుంది.

"సిట్‌కామ్ నవ్వుకోడానికి, రోజంతా ఉన్న ఏడుపులు చాలవా" అంటారు. నవ్వు ఇందులోనూ తక్కువేం లేదు. సున్‌జే ముసలి వయసులో స్కూలు వైస్ ప్రిన్సిపాల్ జాఓక్ వెనక పడే తిప్పలు మొదటి సీజన్‌లో ఏ ఎపిసోడ్‌కీ తీసిపోవు. తేడా ఏమిటంటే ఇక్కడ నవ్వేవాళ్ళంతా తిన్నాక ప్లేట్లు ఎవరు తీస్తున్నారో కెమెరా ఆగి చూస్తుంది. అది చూడ్డం ఇష్టంలేక మనం మొదటిదే బాగుందంటున్నాం. అంతకుమించి నాకు కారణం కనబడదు.

ఇక ముగింపు. దాని మీద కొరియాలో గోలగోల అయింది, మనవాళ్ళూ అదే పాట. సెక్యోంగ్, షినే దేశం వదిలి తాహితిలో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. వానలో జిహూన్ ఆమెని కారులో విమానాశ్రయానికి దింపుతున్నాడు. దారిలో ఆమె మనసులో మాట చెప్తుంది, కాలం ఇక్కడే ఆగిపోతే బాగుండనుకుంటుంది, బొమ్మ ఆగిపోతుంది. మూడేళ్ళ తర్వాతి సీనులో గాని మనకి తెలియదు, ఆ కారు ప్రమాదంలో ఇద్దరూ పోయారని.

నాకూ కోపమే. కానీ మీ కోపం, నా కోపం ఒకటి కాదు. జిహూన్‌కి ఎవరితో జోడీ కుదరాలి, జున్‌హ్యోక్ ప్రేమ ఏమైపోవాలి అని అందరూ కొట్టుకున్నారు. నన్నడిగితే ఆ ముగ్గురు నలుగురి ప్రేమలూ ఎటుపోయినా పర్వాలేదు. సెక్యోంగ్ పరీక్ష ఏమైంది? స్కూలు ఆగిపోయినవాళ్ళు ప్రైవేటుగా రాసే పరీక్ష కోసం ఆ పిల్ల ఇంటెడు పని ముగించుకుని జున్‌హ్యోక్ సాయంతో చదువుకుంది. ఆ కారులో ఆమె చెప్పేది ప్రేమ ఒక్కటే కాదు. పరీక్ష రాయాలనీ, కాలేజీకి పోవాలనీ, ఒక మెట్టు పైకెక్కాలనీ ఎంతో ఉండేదట. కానీ తను ప్రాణం పెట్టి ఎక్కినా ఆ మెట్టు కింద మళ్ళీ ఇంకెవరో ఉంటారు కదా అనిపించిందట. సిట్‌కామ్‌లో పనమ్మాయి నోట వచ్చిన మాట ఇది! మొదటి సీజన్ 167 ఎపిసోడ్లలో ఎవరికీ తట్టలేదు, హేమికి అసలే తట్టలేదు.

అంత మాట అనిపించి, జవాబు చెప్పలేక పిల్లని చంపేశాడు దర్శకుడు. ఆ ముగింపు విషాదంగా ఉండటం కాదు దాని తప్పు. ఆ పిల్లని పరీక్ష హాల్లో కూర్చోబెట్టడం చేతకాలేదు, ఫెయిలైనా సరే. ఆమె వెళ్ళిపోయాక మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో చూపించాల్సింది. కూతురు టీచరు, బడికి పోవాలి. బోసొక్‌కి చేతకాదు. మళ్ళీ ఎవరో ఒక పిల్ల బట్టల గదిలోకి సామాను సర్దుకుని రావాల్సిందే కదా.

ఇన్ని లోపాలున్నా నా ఓటు రెండోదానికే. సెక్యోంగ్ కోసం ఏళ్ళ తరబడి దర్శకుణ్ణి తిట్టిన ప్రేక్షకులున్నారు, తిట్టనివ్వండి. మున్‌హీ గరిటె ఎవరైనా అందుకున్నారా అని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరు కూడా అడగ్గా నేను వినలేదు.