చెన్నపట్టణములో పలనాటి రాళ్లు

మన పలనాటిలో ఇల్లాలు పట్టణమునకు పోవుటకు సాధారణముగా రెండే కారణములు. ఆసుపత్రి పనియైన కావలెను, పెండ్లి బట్టల పనియైన కావలెను. ఊరక చూచి వచ్చుటకై పోవుట దండుగ యని పెద్దల తలంపు. మా అత్తగారును అట్లే తలంచిరి. అయినను గడచిన దసరా సెలవులలో అత్తగారిని, పిల్లలను వెంట గొని మేము దంపతులము మూడు దినములు చెన్నపట్టణము చూచి వచ్చితిమి.

నరసరావుపేట నుండి గుంటూరు మీదుగా తెనాలి వరకు బస్సు, అటుపై రైలు. 2025 ఆగస్టు 15వ తేదీన మొదలైన స్త్రీశక్తి పథకము వలన ఆడవారమందరము టిక్కెట్టు సొమ్ము లేకయే తెనాలి చేరితిమి. పులిహోర, దద్దోజనము మూట గట్టుకొని పోవుటచే త్రోవలో ఏమియు కొనవలసిన పని లేకపోయెను.

సెంట్రల్ స్టేషను దాటి వెలుపలికి రాగానే ఆటోలు, బస్సులు, కూలీల కేకలు మమ్ము చుట్టుముట్టినవి. అత్తగారు మా కొంగు విడువలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడు వరకు మన జిల్లాలకు రాజధాని ఈ నగరమే. ఆ రాష్ట్రమునకై పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచినదియు ఇచ్చటనే. సాయంకాలము మెరీనాలో సముద్రము చూచితిమి. మరునాడు త్యాగరాయనగరులో రంగనాథన్ వీధికి పోతిమి. ఆ వీధిలో మనము నడువ నక్కరలేదు, జనమే మనలను నడపించును.

మూడవనాడు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకు పోతిమి. సెంట్రల్ నుండి మెట్రో రైలులో తరువాతి స్టేషనే ఎగ్మూరు. 1851లో స్థాపింపబడిన ఈ మ్యూజియములో అమరావతి స్తూపశిల్పములు గలవు. ఏనుగులు, తామరలు, బుద్ధుని కథలు లేత పచ్చని ఛాయ గల తెల్లరాతిపై సన్నగా చెక్కబడి యున్నవి. అత్తగారు ఒక పలకను చాలసేపు పరికించి, “అమ్మాయీ, ఇది మన నాపరాయి కాదుటే?” అనిరి. ఆమె మాట నిజమే. అది పలనాటి సున్నపురాయి. మన గడపలకు వేయు బండలకును, పిడుగురాళ్ల బట్టీలలో కాల్చు రాతికిని దగ్గరి చుట్టము.

1797లో కాలిన్ మెకంజీ అను దొర అమరావతి దిబ్బను చూచెను. అప్పటికే ఆ రాళ్లు కొన్ని కట్టడములకు పోవుచుండెను. కొన్ని సున్నముగా కాల్పబడినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీసిన శిల్పములు చెన్నపట్టణము చేరి, 1859లో లండనుకు ఓడనెక్కినవి. నేడు బ్రిటిష్ మ్యూజియములో నూటికి పైగా శిల్పములు గలవు. “మన రాళ్లు మన యూర నేల లేవు?” అని మా చిన్నవాడు అడిగెను. బడిపంతులు గారయ్యును మావారు వెంటనే బదులు చెప్పలేక, “ఇక్కడ నుండుటచేతనే కాలిపోక మిగిలినవి. కాని అడుగవలసిన ప్రశ్నయే” అనిరి.

మాకు మిక్కిలి వింతగా తోచినది దానశాసనములు. రెండువేల ఏండ్ల నాటి ఆ ప్రాకృత శాసనములలో ఎందరో స్త్రీల పేర్లు గలవు. ఒకతె గృహస్థుని భార్య, ఒకతె కూతురు, ఒకతె భిక్షుణి. ఇంట నేర్చిన సంస్కృతము వలన, వాని అచ్చు పాఠములలో ‘దానం’ అను పదము మాకు పరిచితముగానే తోచెను. మన మాచర్ల చేరువనున్న నాగార్జునకొండలోను క్రీస్తు తరువాత మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభము లెత్తించి తన పేర శాసనము వేయించెను. ఆమె ఆ రాజునకు పిల్లనిచ్చిన అత్తగారు కూడ. ఇది విని మా అత్తగారు, “అయితే మేనరికం ఆనాటిదేనన్నమాట!” అని నవ్విరి.

తిరుగు రైలులో ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప మెల్లగా ఒక సంగతి చెప్పిరి. ఏండ్ల క్రిందట తన గాజులమ్మి ఒక గుడి మండపమునకు బండలు వేయించిరట. పలకపై మామగారి పేరు మాత్రమే చెక్కిరట. “ఆయన పేరు ఉంటే నాకు సంతోషమే. పక్కన నా పేరు కూడా ఉంటే రాయి బరువెక్కేదా?” అనిరి. మాకు నోట మాట రాలేదు.

సోదరీమణులారా! గుడికో, బడికో మీ సొమ్ము ఇచ్చునప్పుడు పలకపై మీ పేరును వ్రాయింపుడు. ఇది గర్వము కాదు. రెండువేల ఏండ్ల క్రిందటి ఇల్లాండ్రు చేసిన పనియే. వీలైనచో ఆ శాసనములను మీ యింటి పెద్దామెకు చూపుడు. మ్యూజియమునకు శుక్రవారము సెలవు, తక్కిన దినములలో పొండు. దండుగ యన్న మా అత్తగారు ఇప్పుడు, నాగార్జునకొండ ఎప్పుడు చూపింతురని అడుగుచున్నారు.