నేల మీద నడిచేవాడికే సరిహద్దు

ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ తెలుగువారిని దించే షాలిమార్ స్టేషన్ కోల్‌కతా పేరుతో చలామణి అవుతున్నా, నిజానికి అది హుగ్లీ నదికి పడమటి గట్టున హౌరాలో ఉంది. అక్కడ దిగి, నది దాటి సియాల్దా చేరి, 20 రూపాయల టిక్కెట్టుతో బన్‌గావ్ లోకల్ ఎక్కితే, దిగిన చోటి నుంచి పెట్రాపోల్ సరిహద్దుకు ఆటోలో పోవచ్చు. గేటుకు అవతల బేనాపోల్, బంగ్లాదేశ్. వీపున ఒక సంచి, జేబులో కొద్దిపాటి సొమ్ముతో పరదేశం చూడదలచిన యువకుడికి ఇంతటి చవకైన గుమ్మాలు ఈ దేశానికి ఎన్నో లేవు. ఆ గుమ్మాన్నే రెండు ప్రభుత్వాలూ కూడబలుక్కున్నట్లు ఇరుకు చేస్తున్నాయి.

2024 జులైలో బంగ్లాదేశ్ అల్లర్లతో అట్టుడికినప్పుడు మైత్రి, బంధన్, మిథాలి రైళ్లు మూడూ ఆగిపోయాయి. ఆగస్టు 5న షేక్ హసీనా పదవీచ్యుతి తరువాత బంగ్లాదేశీయులకు మన పర్యాటక వీసాలు నిలిచిపోయాయి. ఇంతలో అక్టోబరు 27న కేంద్ర హోంమంత్రి అమిత్ షా పెట్రాపోల్‌లో రోజుకు 20,000 మందికి సరిపడే కొత్త ప్రయాణికుల భవనాన్ని, ‘మైత్రీ ద్వార్’ను ప్రారంభించారు. రైలు లేదు, వీసా లేదు, భవనం మాత్రం సిద్ధం! అన్నం వండకుండా విస్తర్లు పరచిన విందు వంటిదిది.

గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. కోల్‌కతా, ఢాకాల మధ్య విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. సరుకు లారీలు పెట్రాపోల్ గేటు దాటుతూనే ఉన్నాయి. అనగా ధనవంతుడికీ దారి ఉంది, ఉల్లిపాయల బస్తాకూ దారి ఉంది. దారి మూసుకుపోయినది రైలు టిక్కెట్టుకు మించి పెట్టలేని మనిషికే. దీనిని దౌత్యమని పిలవడం భాషకు అన్యాయం. ఇది వర్గవివక్ష.

ఈ పాపంలో ఢాకాకూ వాటా ఉంది. భూమార్గాన దేశం విడిచేవారిపై ప్రయాణ పన్నును 500 టాకాల నుంచి 1,000 టాకాలకు పెంచినది 2023లో హసీనా ప్రభుత్వమే. బస్సులో పోయే పేదవాడు దాని బరువు మోశాడు.

దేశభద్రత మాటేమిటని ప్రశ్నించేవారికి సమాధానం సులువే. చొరబాటుదారు పాస్‌పోర్టు పట్టుకొని వరుసలో నిలబడడు. 4,096 కిలోమీటర్ల సరిహద్దులో ప్రభుత్వం పేరు, ముఖం, రాకపోకల తేదీ తెలుసుకోగలిగినది ఆ వరుసలోని మనిషిని గురించే. కంటికి కనబడేవాణ్ణి ఆపి, కనబడనివాణ్ణి అడ్డుకున్నామని చెప్పుకోవడం ఏ రకం భద్రత?

నష్టం ఎవరిదో అంకెలే చెబుతాయి. 2023లో మన దేశానికి వచ్చిన సుమారు 95 లక్షల విదేశీ పర్యాటకులలో 21 లక్షలకు పైగా బంగ్లాదేశీయులే. వైద్యం కోసం దక్షిణాదికి పోయేవారు షాలిమార్ నుంచి కోరమాండల్ ఎక్కడం పరిపాటి. 2023 జూన్ 2న బహనాగా వద్ద ఆ రైలు ప్రమాదానికి గురైనప్పుడు కోల్‌కతాలోని బంగ్లాదేశ్ దౌత్య కార్యాలయం తమవారి కోసం హాట్‌లైన్ తెరవవలసివచ్చింది. 2024 జులైలో అక్కడి కల్లోలం నుంచి మన వైద్య విద్యార్థులు వేలాదిగా ఇల్లు చేరినదీ చాలావరకు నేల మీది చెక్‌పోస్టుల గుండానే. ఆపద వేళ ఆదుకున్న దారి శాంతి వేళ అనుమానాస్పదం ఎట్లా అయింది?

1965 యుద్ధంతో తెగిన కోల్‌కతా, ఢాకా రైలు బంధం మళ్లీ అతకడానికి 43 ఏళ్లు పట్టింది. 2008 ఏప్రిల్ 14న మైత్రి కదిలేనాటికి ఒక తరం ముసలిదైపోయింది. తాత్కాలికమని మూసిన తలుపులకు తుప్పు పట్టే గుణం ఉందని చరిత్ర ఒకసారి చెప్పింది. మళ్లీ చెప్పించుకోవడం అవివేకం.

ప్రభుత్వాలు పోట్లాడుకోవచ్చు. అది వాటి వృత్తి. కాని కోపం వచ్చినప్పుడల్లా ముందుగా సామాన్యుడి టిక్కెట్టు చింపడం ఏ రాజనీతి? మైత్రిని కదిలించాలి. పర్యాటక వీసాలను పునరుద్ధరించాలి. విమానానికి వర్తించని నిషేధం రైలుకూ వర్తించరాదు. పొరుగువాణ్ణి చూడనివ్వని దేశం, వాణ్ణి గురించి చెప్పే అబద్ధాలన్నిటినీ నమ్మడానికి సిద్ధపడుతుంది. అటువంటి ప్రజలను పాలించడం తేలిక. ఆ తేలికదనం కోసమే తలుపులు మూస్తున్నారా అన్న అనుమానాన్ని తొలగించవలసిన బాధ్యత ఢిల్లీది, ఢాకాది.